మేకలబోడు మీద మే నెల

చౌటుప్పల్‌లో ఎండలు ముదిరేసరికి నాగరాణికి నీళ్ల మీద మనసు పుట్టింది. దానికి కారణం ఆమె చెల్లెలు నవనీత. నవనీత వాళ్లు గోవా పోయి, మోకాళ్ల లోతు సముద్రంలో నిలబడి దిగిన ఫోటోలు రోజుకు నాలుగు చొప్పున స్టేటస్‌లో పెడుతుంటే, ఇంట్లో బ్లౌజులు కుట్టుకునే నాగరాణి మిషను ఆగి ఆగి నడిచింది. సముద్రం మనవల్ల కాదు, ఒప్పుకుంటాను, కానీ కృష్ణ మనదే కదా అన్నది ఆమె వాదన. ఆమె మొగుడు గోపాల్‌ది మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఎప్పుడు చూసినా నిద్ర మొహమే. అలాంటివాడికి మే నెలలో వరుసగా మూడు రోజులు సెలవు దొరికింది. ఇక నాగరాణిని ఆపడం ఎవరి తరం?

కూతురు పూజ ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. ఫోన్లో వెతికి వెతికి కొల్లాపూర్ వైపు ఒక దీవిని పట్టింది. శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్లలో ఉంటుంది, లాంచీలో తీసుకుపోతారు, గుడారం వేసి పెడతారు, మర్నాడు పొద్దున్న తెచ్చి ఒడ్డున దింపుతారు. పేరు గ్రీన్ ఐలాండ్. ఫోటోలో చూస్తే పచ్చని పరక ఒక్కటి లేదు. పేరు పెట్టినవాడు దాని మీద కాలు పెట్టి ఉండడు.

"అవ్వా, జర గిది చూడు, మంచిగున్నదా?" అని పూజ ఫోన్ తెచ్చి నాయనమ్మ ముందు పెట్టింది.

సుక్కమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అరవై దాటిన మనిషి, చూపు తగ్గింది. అయినా రెండోసారి చూడాల్సిన పని పడలేదు. చుట్టూ నీళ్లు, మధ్యన బోడిగుట్ట, దానికి ఒక పక్క కొరికినట్టుగా చిన్న సందు. ఆ సందులోంచే మేకలను పైకి తోలేవాళ్లు. అది మేకలబోడు. దాని కింద మునిగిన ఊరు ఎర్రమడుగు. సుక్కమ్మ కాపురానికి వచ్చిన ఊరు.

ఆ బోడు దగ్గర ఆమె మొదటి బిడ్డను పూడ్చిపెట్టారు.

డ్యాం నీళ్లకు ఊరు మునుగుతుంది, ఖాళీ చేసి పొండి అని సర్కారు చాటింపు వేసిన ఏడాదే ఆ పిల్లకు జ్వరం వచ్చింది. అత్త పేరే పెట్టుకున్నారు, నర్సింగమ్మ అని. పిలిచేది మాత్రం నర్సి. గోడ పట్టుకుని నిలబడడం అప్పుడప్పుడే నేర్చింది. దవాఖానకు పోదామని బండి కట్టేలోపే అంతా అయిపోయింది. పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. కన్నతల్లి వెంట పోకూడదు. సుక్కమ్మ పెనిమిటి భిక్షం బిడ్డను తన గొంగడిలో చుట్టి, పార భుజాన వేసుకుని పోతుంటే ఆమె గడపలో కూర్చుని చూసింది. ఆమె చూసింది అంతవరకే.

పొద్దువాలాక భిక్షం తిరిగొచ్చాడు. "పైన పెట్టిన. గక్కడికి నీళ్లు రావు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. అంటున్నప్పుడు ఆమె మొహం వైపు చూడలేదు.

ఆ చూడకపోవడమే సుక్కమ్మను ఇన్నేళ్లూ తింటూ వచ్చింది. మందను తోలుకుని అమ్రాబాద్ అడవి అంచున కొన్నేళ్లు బతికారు. అక్కడే గోపాల్ పుట్టాడు. మేకలు పోయాయి, కూలికి దిగారు, కొడుకు వెంట చౌటుప్పల్ చేరారు, భిక్షం ఈ ఊళ్లోనే కన్ను మూశాడు. చచ్చిన పిల్ల పేరు బతికిన పిల్లవాడి ముందు ఎత్తవద్దని అత్త కట్టడి చేసింది. అత్త పోయింది గానీ కట్టడి పోలేదు. తనకు ఒక అక్క ఉండేదని గోపాల్‌కు ఇప్పటికీ తెలియదు.

ఏటా వానాకాలంలో శ్రీశైలం నిండింది, గేట్లు ఎత్తారు అని టీవీలో చూపిస్తారు. జనం కార్లేసుకుని పోయి చూసి మురుస్తారు. ఇంట్లోవాళ్లు ఆ వార్త చూస్తుంటే సుక్కమ్మ లేచి బయటికి పోయేది. ఆ నాలుగు రోజులు అన్నం సహించేది కాదు. ఎడమ నడుము మీద ఒక బరువు వచ్చి కూర్చునేది, పిల్లను చంకనెత్తుకున్నంత బరువు. చీర ఆ చోట తడిసి ఒంటికి అంటుకున్నట్టుండేది. చేత్తో తడుముకుంటే పొడిగానే ఉండేది. నాగరాణి దీన్ని ముసలితనపు చాదస్తం కింద జమ కట్టేసింది. సుక్కమ్మ కూడా అలాగే అనుకోనిచ్చింది. చెప్పి ఏం చేస్తారు, నవ్వుతారు, లేదా భయపడతారు.

ఆమె తనకు తాను చెప్పుకున్న మాట ఒకటుంది. వెళ్లి చూడనంత కాలం భిక్షం మాట నిజమే, నర్సి పొడి నేలలోనే ఉంది. చూశామంటే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలితే భరించగలనా అన్నదే ఆమె భయం. ఇప్పుడు సొంత కొడుకు, కోడలు అక్కడికి పోయి, ఏ తావునో తెలియకుండా గుడారం మేకులు దిగగొట్టి, పొయ్యి పెట్టి కోడికూర వండుకుంటారట.

అందుకని అడ్డం పడడం మొదలుపెట్టింది.

"గీ ఎండల నీళ్లేడుంటయి? బురద చూడనీకి పోతరా?" అంది మొదటి రోజు. రెండో రోజు మోకాళ్లు నొప్పులన్నది. నువ్వు ఇంటికాడ ఉండు అంటే, ఒంటరిగా ఉంటే గుండె దడ అన్నది. మరి మాతో రా అంటే లాంచీ ఎక్కితే కళ్లు తిరుగుతాయన్నది. జీవితంలో ఒక్కసారైనా లాంచీ ఎక్కని మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందో అడిగే ఓపిక గోపాల్‌కు లేదు.

నాగరాణి ఊరుకునే రకం కాదు. "మా చెల్లె అత్త సముద్రంల మునిగి లేసిందట. మా అత్తకు బకెట్ల నీళ్లు చూసినా భయమే" అని మిషను తొక్కుతూ గోడకు చెప్పినట్టు చెప్పింది.

చివరికి గోపాల్ విసిగిపోయాడు. "సరే, ఇప్పుడు వద్దు. దసరాకు పోదాం. అప్పుడైతే నీళ్లు నిండుగ ఉంటయి, లాంచీ మజా వస్తది" అన్నాడు. నాగరాణి మూతి ముడుచుకుని లోపలికి పోయింది. సుక్కమ్మకు ఊపిరి పీల్చుకోవాలనే ఉంది. కానీ నీళ్లు నిండుగ అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. నిండుగా ఉన్నప్పుడు బోడు ఎంత మిగులుతుంది? ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు.

మర్నాడు గోపాల్ డ్యూటీకి పోయాక పూజను పిలిచి, లాంచీ ఆయనకు ఫోన్ కలపమంది. వెంకన్న అని, లాంచీ నడిపేవాడు మాట్లాడాడు. ఎంతమంది, వెజ్జా నాన్‌వెజ్జా అని అడగబోతుంటే సుక్కమ్మ అడ్డం వచ్చింది.

"మీదేవూరు బిడ్డ?"

"ముంపోళ్ల కాలనీల ఉంటమమ్మా. అసలు ఊరు ఎర్రమడుగు. నేను నీళ్లొచ్చినంక పుట్టిన. ఎండకాలం గోడలు తేల్తే చూసుడే."

"ఎవరి మనుమడివి?"

"హనుమమ్మ మనుమన్ని."

హనుమమ్మ తెలుసు. ఉప్పో పిండో అప్పుకు పోయే ఇల్లు. సుక్కమ్మ తానెవరో చెప్పింది. అప్పటిదాకా అమ్మా అన్నవాడు పెద్దమ్మా అనడం మొదలుపెట్టాడు. ఆమె పూజను నీళ్లు తెమ్మని లోపలికి పంపి, గొంతు తగ్గించింది.

"బోడు కాడ పసిపిల్లలను పెట్టిన తావు ఒకటుండె. ఎర్కేనా?"

"ఎర్కే పెద్దమ్మా. చిన్నచిన్న రాళ్ల కుప్పలు."

"పైననా, కిందనా?"

"కిందనే. బోడు మొదట్ల, తూర్పు దిక్కు. మే నెలల తేల్తయి. పైన జూరాల డ్యాం గేట్లెత్తి నీళ్లిడిస్తే మళ్ల మునుగుతయి."

"ఏటా?"

"ఏటా గంతే."

సుక్కమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. భిక్షం అబద్ధమాడాడు. నర్సి ఒకసారి మునిగి ఊరుకోలేదు. ప్రతి ఏడూ మునుగుతోంది, ప్రతి ఎండాకాలం తేలి చూస్తోంది. ఎవరూ రాకపోతే మళ్లీ మునుగుతోంది. నడుము మీద బరువు ఎందుకు వచ్చి కూర్చునేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. పూజ నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. అవి తాగుతుంటే ఇంకో సంగతి తట్టింది. ఇది మే నెల. ఇప్పుడు పిల్ల పైనే ఉంది.

ఆ సాయంత్రం కోడలి మిషను పక్కన వచ్చి కూర్చుంది. "దసరాకు వద్దు. ఇప్పుడే పోదాం."

నాగరాణి తలెత్తలేదు. "నీ మోకాళ్లో?"

"అవి గిట్లనే ఉంటయి."

"ఎండనో?"

"ఎండ ఉంటెనే పోవాలె" అని సుక్కమ్మ మొత్తం చెప్పింది. గడపలో కూర్చుని చూసింది చెప్పింది, నడుము మీద బరువు చెప్పింది, వెంకన్న అన్న మాటలు చెప్పింది. నాగరాణి మిషను ఆపింది.

"ఎంత ఉండే పిల్ల?" అని అడిగింది.

సుక్కమ్మ నేల మీది నుంచి చెయ్యెత్తి చూపించింది. నాగరాణి ఆ చేతి ఎత్తును కంటితోనే కొలుచుకుంది. కత్తిరింపుల మూటలోంచి పసుపుపచ్చ పూల గుడ్డ ఒకటి గౌను కుడదామని తీసి మోకాలి మీద పరిచింది.

"వద్దు బిడ్డ. నీళ్లు తీస్కపోతయి" అంది సుక్కమ్మ.

నాగరాణి గుడ్డను మడిచి మూటలో పెట్టేసింది. "నీ కొడుక్కు నేను చెప్త" అంది.

ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో సుక్కమ్మ వినలేదు. గోపాల్ వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఆమె తీసిన చింతపండునే మళ్లీ విడదీస్తూ కూర్చున్నాడు. ముందే సర్ది ఉంచిన సంచీలోంచి పాటలు పెట్టే స్పీకర్ బయటికి వచ్చింది. కోడికి కొన్న మసాలా పొట్లాలు అల్మారా ఎక్కాయి. పసుపు, కుంకుమ, పెరుగన్నానికి పెద్ద గిన్నె సంచీలోకి పోయాయి.

లాంచీలో సుక్కమ్మకు కళ్లు తిరగలేదు. మధ్యన బల్ల మీద కూర్చుని రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. పక్కన బురదలోంచి మొండిగోడలు తేలి ఉన్నాయి. వాటి మీద కొంగలు వాలి ఉన్నాయి. ఏ గోడ ఎవరిదో చెప్పమని పూజ అడిగితే చెప్పబోయి మానుకుంది. అలా చెప్తూ పోతే తమ గడప దగ్గరికి రావాల్సి వస్తుంది.

గుడారాలు వేసే చదును సరిగ్గా తూర్పు దిక్కునే ఉంది. "గీడ వద్దన్నా, పైన బండ మీద వెయ్యి" అని గోపాల్ వెంకన్నకు చెప్పాడు. వెంకన్న గుడారం మూట భుజానికెత్తుకుని పైకి నడిచాడు.

ఒక రాళ్ల కుప్ప దగ్గర కూర్చుని సుక్కమ్మ లేచింది. ఇంకో కుప్ప దగ్గర కూర్చుంది. అలాంటివి చాలా ఉన్నాయి. కొన్ని నీళ్లకు దొర్లి చెదిరిపోయాయి, కొన్నింటి మీద ఎండిన పాచి పట్టింది.

"మనది ఏదమ్మా?" అన్నాడు గోపాల్.

"తెల్వదు బిడ్డ. నన్ను రానియ్యలే."

కొడుకు చెయ్యి పట్టుకుని బోడు పైకి ఎక్కింది. భిక్షం పైన పెట్టానన్న చోటు చూడాలని ఆమె పంతం. ఎక్కి చూస్తే పైనంతా ఒకటే బండ. గోపాల్ రాయి తీసుకుని నాలుగు చోట్ల కొట్టి చూశాడు. ఎక్కడా జానెడు మట్టి లేదు. సుక్కమ్మ ఆ బండ మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చింది నర్సి కోసం కాదు, భిక్షం కోసం. ఆ పొద్దంతా బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని, ఈ బండ మీద ఎన్ని చోట్ల పార వేసి చూశాడో. దిగక, దిగక, చివరికి ఎత్తుకుని కిందికి దిగి ఉంటాడు. ఎన్నేళ్ల కోపమో అప్పటికప్పుడు జాలి అయిపోయింది. పెళ్లాం మొహం చూసి ఆ సంగతి చెప్పడం ఎవరివల్ల అవుతుంది?

"జాగా లేకుండెరా" అంది కొడుకుతో. "మీ నాయినేం జేస్తడు."

మిగిలిన పొద్దంతా ఆమె కుప్పల మధ్యనే గడిపింది. చెదిరిన రాళ్లను ఎత్తి పేర్చింది. పూజ రాళ్లు అందించింది, నాగరాణి ప్రతి కుప్పకూ పసుపు రాసింది. ఏది తమదో తెలియదు కాబట్టి దేన్నీ వదలలేదు. పెరుగన్నం తిని, బండ మీద గుడారంలో పడుకున్నారు. నవనీతకు చూపించడానికి ఒక్క ఫోటో కూడా నాగరాణి దిగలేదు.

పొద్దున ఒడ్డున దిగేటప్పుడు సుక్కమ్మ వెంకన్న చెయ్యి పట్టుకుంది.

"నీళ్లొచ్చే దినం నాకు ఫోన్ చేస్తవా బిడ్డ?"

"చేస్త. ఎందుకు పెద్దమ్మా?"

"ఇన్నేండ్లు మునిగేటప్పుడు పొల్ల ఒక్కతే ఉండె."

వానలు పడ్డాయి. జూరాల గేట్లెత్తారని టీవీలో చెప్పిన రెండు రోజులకు, అన్నం వేళ దాటాక, ఫోన్ వచ్చింది. నాగరాణి తీసి, ఒక్క మాట విని, అత్త చేతిలో పెట్టి మిషను ఆపేసింది.

"పెద్దమ్మా, నీళ్లు కుప్పల కాడికి వస్తున్నయి" అన్నాడు వెంకన్న.

"నువ్వేడున్నవ్?"

"గీడనే, వాటి పక్కనే నిలబడ్డ. ఇంగేం చెప్పాలె?"

"ఏం చెప్పకు. ఫోన్ పెట్టెయ్యకు. జర కిందికి, వాళ్ల దిక్కు పట్టు."

వెంకన్న వంగినట్టున్నాడు. ముందు గాలి వినపడింది. తర్వాత రాళ్లకు నీళ్లు తగులుతున్న చప్పుడు, చిన్నగా. సుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"నర్సీ" అంది. "భయపడకు బిడ్డ. గీడనే ఉన్న."