ఖాలా గుమ్మడిపాదు, నా వృక్షశాస్త్రం

తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో జగిత్యాలలో మా కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. అందువల్ల నా డిగ్రీ వృక్షశాస్త్రంలో చాలా భాగం కోరుట్లలో, మా ఇంటి అరుగు మీదే పూర్తయింది. పుష్పభాగాలు నాకు కంఠతా వచ్చు: రక్షకపత్రావళి, ఆకర్షణపత్రావళి, కేసరావళి, అండకోశం. అండకోశంలో మళ్లీ మూడు: కీలాగ్రం, కీలం, అండాశయం. (ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి.) చక్కటి చేతిరాత ఉన్నందుకు వాడకట్టు కమిటీ నన్ను జాబితాలు రాయడానికి పెట్టుకుంది. వచ్చే నెల చౌరస్తాలో నిరసనగా చేయబోయే వంటావార్పుకు ఎవరేం ఇస్తారో రాసిన కాగితంలో నాలుగో వరుస ఇది: గుమ్మడికాయలు, పక్కింటి ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, వాడకట్టంతా ఆమెను అలాగే పిలిచేది. ఆమె నలుగురిలో నిలబడి ఇచ్చిన మాట అది.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు రోడ్డు మీదే ఆడాలని తీర్మానం. "ఖాలా పాదుకు గుమ్మడిపూలున్నయ్, అడిగి తెంపుకరా" అని అమ్మ పంపింది. "తెంపుకో బేటా" అని ఖాలా లోపలినుంచే అన్నది. గోడమీదికి పాకిన పాదుకు రెండు రకాల పూలున్నాయి. శాస్త్రీయంగా పరిశీలించాను. మగపూల కాడలు సన్నగా ఉండి వేలాడుతున్నాయి. ఆడపూలకు కింద గుండ్రటి అండాశయం ఉంది, బతుకమ్మ మీద నిటారుగా కూర్చుంటాయి. విచ్చినవీ, మరునాడు విచ్చబోయేవీ కలిపి ఏడు తెంపాను. అన్నీ ఆడపూలే.

గోడ దగ్గరే ఖాలా నా పళ్లెం చూసింది.

"యా అల్లా! పిందెలన్ని తెంపినవు కదరా!"

"అవి అండాశయాలు ఖాలా."

"ఏ శయమైతే ఏంది? గవి పెరిగితేనే గుమ్మడికాయ! గిప్పుడు చౌరస్తల నా మాట ఏం గావాలె?"

అమ్మ వచ్చి చూసి తల కొట్టుకుంది. "ఒట్టి పూలు తెంపాలె, పిందె పూలు ఇడ్శిపెట్టాలె అని చిన్నపోరిల్లకు సుత ఎరుకే. గీయనకు చదువుకున్నా ఎరుకలేదు."

అండాశయమే ఫలంగా మారుతుందని పుస్తకంలో అదే పేజీలో ఉంది. పరీక్షలో ఆ వాక్యం రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది ఖాలా గోడమీద కూడా జరుగుతుందని మాత్రం నాకు తట్టలేదు.

మరునాటి నుంచి తెల్లవారగానే పాదు దగ్గరికి వెళ్లాను. మగపువ్వు రేకులు ఒలిచి, పరాగాన్ని కొత్తగా విచ్చిన ఆడపువ్వు కీలాగ్రానికి అద్ది, ఒక్కోదానికి నంబరు చీటీ కట్టాను.

"పొద్దుగాలనే ఏం పనిరా?" అంది ఖాలా.

"పరాగసంపర్కం ఖాలా."

"చెయ్ చెయ్. కాయ కాసేదాక చెయ్. నీకు సెలవలే గద."

అప్పటికే పాదు ముదిరింది. ఐదు పూలకు నంబర్లు కడితే నాలుగు పసుపెక్కి రాలాయి. మూడో నంబరు నిలిచింది. వంటావార్పు నాడు ఖాలా ఆ ఒక్క కాయనే నెత్తిన పెట్టుకొని, చౌరస్తా దాకా నడిచి వచ్చి, అందరి ముందూ దించింది. "మాట తప్పలే, రాసుకో" అంది నాతో. రాశాను. అంత పెద్ద గంజు నిండా కాచిన పప్పుచారులో గుమ్మడిముక్క దొరికినవాళ్లు తక్కువ. వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చిన ఖాలా మాత్రం అడుగంటా వెతికి, ఒక ముక్క నా విస్తట్లో వేసింది.

"తిను బేటా, నీ అండాశయం."

ఇప్పుడు నేను విత్తనాల కంపెనీలో పనిచేస్తున్నాను. పూలకు పరాగం అద్దించడం, నంబర్లు కట్టించడం నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లకు పుష్పభాగాలన్నీ వరుసగా చెబుతాను, అలవాటు పోలేదు. కానీ ఎక్కడ ఏ పువ్వు తెంపబోయినా, నా వేలు ముందు దాని కిందికి పోయి, పిందె ఉందేమోనని తడుముతుంది. మల్లెపువ్వయినా సరే.