హెల్పర్ వీసా మీద వికెట్ కీపర్

అమెరికాలో లాక్రోస్ అనే ఆట ఉందట. కర్రకు వల కట్టి దాంతో బంతి విసురుకుంటారట. దాన్నే వృత్తిగా ఆడేవాళ్ళకు కూడా ఆ జీతంతో ఇల్లు గడవదని, ఇంకో ఉద్యోగం చేసుకుంటారని మొన్న టీవీలో ఒకాయన చెప్పాడు. టికెట్లు కొనే జనం లేరు, చూపించే చానెళ్ళు లేవు, అందుకని జీతాలు తక్కువట. నాకు ఒళ్ళు మండింది. అది సగం మాటే. మిగతా సగం నేను షార్జాలో చూశాను.

రెండు వేల అయిదు ప్రాంతంలో నేనక్కడ ఒక టైల్స్ కంపెనీకి ఫాస్ట్ బౌలర్‌ని. వీసాలో మాత్రం స్టోర్ హెల్పర్. అక్కడి పద్ధతే అంత. కంపెనీలకు టీములుంటాయి. ఆడేవాళ్ళను ఊళ్ళ నుంచి తెప్పించి, కాగితం మీద ఏదో ఒక పని రాసి, ఆ పనికిచ్చే జీతమే ఇస్తారు. వారమంతా పెట్టెలు మోసేవాళ్ళం. లోకం ముసుగుతన్ని పడుకునే శుక్రవారం సెలవు నాడు ఎండలో కంపెనీ పరువు మోసేవాళ్ళం. గెలిచిన కప్పులు మాత్రం మేనేజర్ గదిలో, అద్దాల బీరువాలో. మేనేజర్ని అందరం ముదీర్ అనేవాళ్ళం. ఆయన వాటిని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు.

మా వికెట్ కీపర్‌ది నిజామాబాద్ వైపు పల్లె. షార్జాలో రోలా అనే పేటలోని మా గదిలో నా కింది మంచం వాడిది. సెమీఫైనల్లో నా బంతికే వాడి వేలు విరిగింది. డాక్టర్ చెయ్యి కదపొద్దన్నాడు. పెట్టెలెలా మోస్తాడు? సెలవు అడగడానికి నేనూ తోడు వెళ్ళాను.

ముదీర్ నవ్వుతూనే అన్నాడు. "ఖేల్‌నా తో తేరా షౌక్ హై భాయ్, డ్యూటీ థోడీ హై?"

ఆట మా సరదా, డ్యూటీ కాదు. కాబట్టి సెలవుకు జీతం లేదు. టీమంతటినీ విమానమెక్కించి తెచ్చుకున్న మనిషి అనాల్సిన మాటేనా అది?

ఆ సాయంత్రం గదిలో అందరి చేతా ఒట్టు వేయించాను. వాడికి జీతంతో సెలవు ఇస్తేనే ఫైనల్ ఆడేది.

శుక్రవారం పొద్దున్నే బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఎవరం కదల్లేదు. అంతలో బాత్రూమ్ తలుపు తీసుకుని వాడు బయటికొచ్చాడు, తెల్ల బట్టల్లో. కట్టు విప్పేసి, విరిగిన వేలినీ పక్క వేలినీ కలిపి టేపు చుట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? నీ కోసమే గదరా మేమంతా కూర్చోనుండేది!" అని అరిచాను.

"ఇయ్యాల ఇంకోడు కీపింగ్ జేస్తే నా జాగ వోతదన్నా. గప్పుడు నేను ఉత్త హెల్పర్నే గద."

కిట్ బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. వాడే ఎక్కాక మేం ఎవరి కోసం కూర్చోవాలి? తిట్టుకుంటూ ఎక్కాం.

మొదటి ఓవర్లో నా బంతి గ్లౌజుల్లో పడ్డప్పుడల్లా వాడి ముఖమే చూశాను. పళ్ళు బిగపట్టి "షాబాష్ అన్నా" అంటున్నాడు. రెండో ఓవర్ నుంచి నాకు చేతులు రాలేదు. మెత్తగా వేశాను, వాళ్ళు చితక్కొట్టారు. ఓడిపోయాం. ముదీర్ మా వైపు చూడకుండానే కారెక్కి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో వాడి పక్కన కూర్చుని గ్లౌజు మెల్లగా లాగాను. వేళ్ళు వాచిపోయి ఉన్నాయి. చెయ్యి విదిలించుకున్నాడు.

"కావాల్నని స్లో ఏసినవ్ గద? నిన్నెవలడిగిన్రన్నా? కప్పు వోయింది గదనే!"

వేలు విరిగిన రోజు కంట తడి పెట్టనివాడు వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు కోపం నషాళానికంటింది. ఆ కప్పు ముదీర్ బీరువాలోకి పోయేదేగా, దాని దుమ్ము తుడవడం తప్ప నీకు మిగిలేదేముందిరా అని అరుద్దామనుకున్నాను. కానీ బస్సులో ఒక్కడూ నా ముఖం చూడటం లేదు. ఒట్టు వేసిన వాళ్ళంతా నా మీదే కోపంగా ఉన్నారు.

మేం ఇంత చవగ్గా దొరుకుతామని ముదీర్‌కు ఎవడు చెప్పాడా అని అన్నాళ్ళూ తిట్టుకునేవాణ్ణి. మేమే చెప్పాం, ప్రతి శుక్రవారం.