ముందు నిలబడాల్సినవాణ్ణి నేను

ఈ ఉదయం మా గురువుగారికి దెబ్బ తగిలింది. ఆయన్ని పడేసింది మరొకరు. పడేదాకా చూస్తూ ఊరుకున్నవాణ్ణి నేను.

ఆయన చైనా మనిషి. అరవై దాటాయి. ఇక్కడ గల్ఫ్‌లో, సఖీర్ దగ్గర ఒక నిర్మాణ కంపెనీలో పైపులు బిగించేవాళ్ళకు ఫోర్‌మన్. శుక్రవారం ఉదయాల్లో మనామాలోని ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో దర్జీ దుకాణం పైనున్న అద్దె హాల్లో కుంగ్‌ఫూ నేర్పుతారు. నేను ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. అందరికంటే ముందు చేరాను కాబట్టి ఆ హాల్లో పెద్ద శిష్యుణ్ణి.

వాళ్ళ సంప్రదాయంలో ఆ పేరుకు ఒక బరువు ఉంది. గురువుతో బలం తేల్చుకుంటానని బయటివాడెవడైనా వస్తే ముందు పెద్ద శిష్యుడు ఎదురు నిలవాలి. అతణ్ణి దాటితేనే గురువు. మా గురువుగారు కుర్రతనంలో తన పల్లెలో మేనమామ దగ్గర నేర్చుకున్నారు. ఆ మామ మొదట కొట్టడం నేర్పలేదట. కళ్ళంలో నిలబెట్టి, తోటివాళ్ళ చేత నెట్టించి, పడటం నేర్పాడట. తర్వాత పెద్ద శిష్యుడయ్యాక, మామ మీదికి వచ్చిన ఒక బండి తోలేవాడికి అడ్డు నిలిచి ఎడమ గూడ జారగొట్టుకున్నారు. "ఓడిపోయాను. కానీ వాడు అలసిపోయాడు. మామ జోలికి పోకుండా టీ తాగి వెళ్ళాడు" అని నవ్వుతూ చెప్పేవారు.

ఆ గూడ వయసు మీద పడ్డాక మళ్ళీ తిరగబెట్టింది. పోయిన ఎండాకాలం ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో డాక్టరు మాటలు ఆయనకు, సైటులో పనివాళ్ళ దగ్గర వంటబట్టిన హిందీలో విడమర్చి చెప్పింది నేనే. మళ్ళీ జారి నరం తెగితే ఇక సైటు పని చేయలేరన్నాడు డాక్టరు. వచ్చే నెల కంపెనీవాళ్ళ వైద్య పరీక్ష ఉంది. అందులో తప్పితే ఉద్యోగం పోయి ఇంటికి వెళ్ళిపోవాల్సిందే. ఈ సంగతి హాల్లో నాకొక్కడికే తెలుసు.

తెలిసి కూడా కోతలు కోశాను. మా ఆఫీసు గోడలు బాగుచేయడానికి వచ్చిన తాపీమేస్త్రీ ఒకడు ఊళ్ళో కబడ్డీ ఆడినవాడు, నిజామాబాద్ వైపు మనిషి. అతనితో "మా గురువుగారిని పదిమంది నెట్టినా కదల్చలేరు" అన్నాను. హాలు ఎక్కడో కూడా చెప్పాను. ఈ ఉదయం తాను ఉండే కూలీల క్యాంపు నుంచి ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని వచ్చేశాడు.

"పదిమంది ఎందుకు సార్? నేనొక్కణ్ణి చాలు. ఏడున్నడు మీ పహిల్వాన్?"

"గీ ముసలాయనేనా?" అన్నాడు వెంట వచ్చినవాడు. "జర పైలంరా, దెబ్బ తాకితే పాపం తగుల్తది."

"పైలంగనే పడేస్త తియ్."

గురువుగారు టీ కప్పు కింద పెట్టి నా వైపు చూశారు. పిలవలేదు. ఆ చూపే పిలుపు. నేను మేస్త్రీ మెడ చూశాను, ముంజేతులు చూశాను. మనవాళ్ళ ముందు పడితే రేపటికి మనామా అంతా చెప్పుకుంటారనిపించింది. జేబులోంచి ఫోను తీసి, మోగని ఫోనును చెవికి పెట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాను.

తిరిగి చూసేసరికి ఆయన తివాచీ మధ్యకు వెళ్ళి నిలబడి ఉన్నారు. తివాచీ దాటినవాడు ఓడినట్టని చేత్తో చూపించారు. మేస్త్రీ దూసుకొచ్చాడు. ఆయన నడుము కొద్దిగా తిప్పారంతే. అతను తన ఊపుకు తానే గోడ దాకా పోయాడు. స్నేహితులు పగలబడి నవ్వారు.

"ఏందిరా, కూతకు పోయి గీత దాటినవ్?"

ఆ నవ్వుకు అతని ముఖం కందిపోయింది. ఈసారి చటుక్కున కూర్చుని చీలమండ పట్టాడు, కబడ్డీ పట్టు. అప్పుడైనా "ఆగు" అనొచ్చు నేను. అనలేదు. పడటం నేర్చిన మనిషే కానీ, కాలు పట్టులో ఉండి దొర్లడానికి వీల్లేకపోయింది. పడుతూ ఎడమచెయ్యి నేలకు ఆన్చారు.

లేచారు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. "ఖలాస్" అని నవ్వి, కుడిచేత్తో మేస్త్రీకి టీ పోశారు.

"గట్టోడే సార్ మీ పెద్దమనిషి" అని అతను సంతోషంగా తాగి వెళ్ళాడు.

కార్లో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. చివరికి అడిగారు.

"ఫోనులో ఎవరు?"

"ఎవరూ లేరు."

"తెలుసు."

గూడ జారింది. డాక్టరు సర్ది కట్టు కట్టాడు. నరం తెగలేదు. పరీక్ష నాటికి మానవచ్చు, మానకపోవచ్చు. ఆయన్ని గదిలో దింపి, మేస్త్రీ ఉండే క్యాంపుకు వెళ్ళాను. బట్టలు ఉతుక్కుంటున్నాడు. అందరూ వింటుండగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాడు. "చెయ్యి మంచిగ లేదని ముందుగాల చెప్పొద్దా సార్? నేనేమన్న పగతోని వచ్చిన్నా?"

"చెప్పాల్సింది. అసలు నీకు ఎదురు నిలవాల్సిందే నేను. ఇప్పుడు నిలబడతాను, రా."

"మీరా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "కండ్లద్దాలు తీసి పెట్టుండ్రి. పగిల్తే మల్ల నా మీదికొస్తది."

క్యాంపు వెనక ఇసకలో నన్ను ఎత్తి పడేశాడు. లేచాను. మళ్ళీ పడేశాడు. నోట్లో ఇసక, మోచెయ్యి గీరుకుపోయింది. ఇంత సులువైన పనికా నేను కిటికీ దగ్గరికి పారిపోయింది అనుకుంటే పడటం కంటే అదే ఎక్కువ నొప్పి పుట్టించింది.

"ఇగ చాలు. నడుండ్రి, ఆయనను చూసొద్దాం" అన్నాడు మేస్త్రీ, తడి చొక్కానే తొడుక్కుంటూ.

గురువుగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రీ ఆయన కాళ్ళకు మొక్కబోతే కుడిచేత్తో ఆపారు. నేను క్షమించమనడానికి నోరు తెరిచాను. వినలేదు. నా చొక్కా మీది ఇసక చూసి, రెండు మంచాల మధ్య ఇరుకు జాగా చూపించి "నిలబడు" అన్నారు. మేస్త్రీకి నెట్టమని సైగ చేశారు.

"మెల్లగ నెట్టాల్నా సార్?"

"వద్దు, గట్టిగానే నెట్టు" అన్నాను, కాళ్ళు ఎడంగా పెట్టుకుంటూ.