అవ్వ చెప్పిన హద్దురాళ్లు

జ్ఞాపకశక్తి తండ్రి రక్తంలోనే వస్తుందని మా ఊళ్లో పెద్దమనుషులు తేల్చి చెప్పేవారు. వింటే నాకు ఒళ్లు మండేది.

భోకర్ అవతల మా ఊరు. ఊరి హద్దురాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుంచుకోవడం తరతరాలుగా మా ఇంటి పని. అందుకు సర్కారు ఇచ్చిన రెండెకరాల చెలకే మా బతుకు. తగాదా వస్తే నాయన నడిచి రాయి చూపించేవాడు. "ఆ వంశం బుర్రే అంత" అని ఊరు మెచ్చుకునేది. ఇంట్లో సంగతి వేరు. తగాదా ఉన్న రోజు పొద్దున మా అవ్వ, అంటే అమ్మ, జొన్నరొట్టెలు కొడుతూ, "మోదుగు చెట్టు కాడికెల్లి పొద్దుమునిగే దిక్కు ఇరవై అంగలు" అని చెబుతుంటే, నాయన పక్కన కూర్చుని వల్లె వేసేవాడు.

ఆ బుర్ర అన్నకు రావాలని నాయన రోజూ వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించేవాడు. వాడికి నాలుక మండడం తప్ప ఇంకేం కాలేదు. ఆడపిల్లనైన నాకెవరూ ఏదీ నాకించలేదు. అవ్వ ఒక్కసారి అంటే చాలు, నాకు ఉండిపోయేది. అన్నా నేనూ ఒకే కడుపున పుట్టినవాళ్లమే మరి.

అవ్వ కాలం చేసిన ఏడాదే తగాదా వచ్చింది. భూములు తనిఖీ చేసే గిర్దావర్ గుర్రమెక్కి వచ్చి, రాయి చూపకపోతే చెలక ఇంకొకరికి పోతుందన్నాడు. నాయన మోదుగు దాకా నడిచి అక్కడే ఆగిపోయాడు. అన్న దిక్కులు చూశాడు. పక్క చేలో కూలికి కలుపు తీస్తున్న నేను వచ్చి, మోదుగు నుంచి అంగలు లెక్కపెట్టి, "ఈడ తవ్వుండ్రి" అన్నాను. మూరెడు లోతున రాయి తగిలింది.

"తండ్రి రక్తం యాడికి పోతది!" అని ఊరి పెద్ద పటేల్ మీసం దువ్వాడు.

"నాయనది కాదు పటేలా, మా అవ్వది."

అందరూ నవ్వారు. గిర్దావర్ వెంట వచ్చిన గుమాస్తా నా సాక్ష్యంలో, హద్దు తెలిసినవాడిగా నాయన పేరు రాసి వేలిముద్ర వేయమన్నాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"అవ్వ పేరు ఎక్కించుండ్రి సాబ్. లేకుంటే ముద్ర ఎయ్య."

"చెలక పోతదే పిచ్చిదానా," అన్న గొణిగాడు. పోతే పోనీ అనుకున్నాను, నిజంగానే.

నాయన తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "ఎక్కించుండ్రి దొరా. ఇన్నేండ్లు నేను చెప్పిందంతా ఆమె చెప్పిందే."

గిర్దావర్ విసుగ్గా తలూపాడు. ఆమె పేరేమిటని గుమాస్తా అడిగాడు. పటేల్ పక్కవాడి వైపు చూశాడు, పక్కవాడు నేల చూశాడు. అన్ని రాళ్లు గుర్తుపెట్టుకున్న మనిషి పేరు, మా ఇల్లు దాటితే ఆ ఊళ్లో ఒక్కరికీ గుర్తులేదు.

నేను చెప్పాను. రెండుసార్లు, గట్టిగా.