స్పూనుతో తినే డ్రైవరన్న

మా ఫైర్‌స్టేషన్ డ్రైవరన్న పప్పన్నం కూడా స్పూనుతోనే తినేవాడు. దొరబాబని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. కారణం నాకు తెలుసు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం విడవలూరు దగ్గరి పల్లెలో గడ్డివామి అంటుకుంది. పక్కనే పూరిల్లు. మా ఫైరింజన్లో నీళ్ళు అయిపోయాయి. అన్న హడావుడిలో జల్లెడ బిగించకుండానే నీళ్ళు పీల్చే పైపును రొయ్యల గుంటలో వేశాడు. తెగులొచ్చి చచ్చిన రొయ్యలు అందులో కుళ్ళుతున్నాయని ఊళ్ళో ఒక్కరూ చెప్పలేదు. పైపు మూసుకుపోయింది. అన్న మోచేతిదాకా చెయ్యి దూర్చి, ఆ నల్లటి జిగురు ముద్దల్ని పిడికిళ్ళతో లాగాడు. జనం ముక్కులు మూసుకుని, ఫోన్లలో వీడియో తీస్తూ నవ్వారు. చివరికి నీళ్ళు వచ్చాయి. ఇల్లు దక్కింది.

చేతులు కడుక్కుందామని అన్న ఆ ఇంటి వాకిలి వైపు నడిచాడు. ఇంటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆడే ఉండన్నా, లోపలికి రాబాక. మేం ఇంకా అన్నాలు తినాల."

నేను గబగబా అన్న దగ్గరికి వెళ్ళాను.

"చెంబుడు నీళ్ళడుగుతానన్నా" అన్నాను.

"అడగబాకరా" అని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు.

స్టేషన్‌కొచ్చి సబ్బు అరిగేదాకా కడిగాడు. అన్నం ముందు కూర్చుని, చెయ్యి వాసన చూసుకుని, లేచివెళ్ళి స్పూను తెచ్చుకున్నాడు.

ఆ ఇంట్లో మాత్రం ఆ పూట అందరూ చేత్తోనే, కడుపునిండా తిని ఉంటారు.