కడగడంలో లోపం

మా పెద్దమ్మకి పాలలో నీళ్ళ మీద అనుమానం, తూకంరాళ్ళ మీద అనుమానం, చివరికి గోడ గడియారం మీద కూడా అనుమానమే. "అనుమానప్పక్షి" అని మా అమ్మ చెల్లెలన్న చనువుతో వెక్కిరించేది. ఆ గుణానికి జీతమిచ్చే చోటు దొరకడం ఆవిడ అదృష్టం. ఆకాశాన్ని గాజుపలకల మీద ఫొటోలు తీసే వేధశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. పగలంతా కిటికీ పక్కన కూర్చుని, ఈ నెల పలకని పోయిన నెల పలకతో భూతద్దం పెట్టి పోల్చడమే పని. పలక మీద నక్షత్రాలు నల్లచుక్కలుగా పడతాయి. వెలుగు ఎక్కువైతే చుక్క పెద్దది, తగ్గితే చిన్నది.

పలకలు కడిగేది డార్క్‌రూమ్ మనిషి. పాడుకుంటూ పనిచేస్తాడు. పాడేవాడి చేతుల మీద పెద్దమ్మకి నమ్మకం లేదు.

ఒక నెల ఒక ముసలి ఎర్ర నక్షత్రం చుక్క సగానికి తగ్గింది. "కడగడంలో లోపం" అని పెద్దమ్మ రిజిస్టర్లో రాసింది. మరుసటి నెలా అంతే, అదే మాట రాసింది. ఇంకోసారి రాస్తే అతణ్ణి పనిలోంచి తీసేస్తానన్నాడు ఆఫీసరు. మూడో నెల చుక్క ఇంకా చిక్కిపోయింది.

డార్క్‌రూమ్ మనిషి ఆవిడ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, చుట్టూ ఉన్న చుక్కలన్నీ బాగానే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరి ఆ ఒక్కదానితో నాకేం పగ? దానికీ నాకూ గట్టు తగాదా ఉందా?"

"నీ వేలు పడుంటుంది."

"మూడుసార్లూ అక్కడేనా? అంత గురే ఉంటే ఈ చీకటి కొట్లో ఎందుకుంటాను? ఇద్దరు పిల్లలు గలవాణ్ణి. కాస్త చూసి రాయి అక్కా."

"చూసే రాస్తాను పద."

అదే నక్షత్రం ఉన్న పలక ఇంకొకటి కడగాల్సి ఉంది. ఎర్రబల్బు కింద అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు పెద్దమ్మ. పాడనివ్వనూ లేదు. అతను ట్రే ఊపాడు. చుక్కలు ఒక్కొక్కటే తేలాయి. ఎర్ర నక్షత్రం ఆవగింజంతే ఉంది.

అయినా మనసొప్పలేదు. ముందే మందులో ఏదో కలిపాడేమో! పాత పలకలు ముందు పెట్టి నోరు మూయిద్దామని బీరువా తీసింది. తను చేరకముందటి పలక ఒకటి చేతికొచ్చింది. కవరు మీద తనకి పని నేర్పిన మాస్టారి చేతిరాత: "కడగడంలో లోపం. మనిషిని మార్చాం." లోపల అదే నక్షత్రం, అంతే చిన్న చుక్క. ఏడాది తర్వాతి పలకలో మళ్ళీ పెద్దది.

మనిషిని అనుమానించింది, మందుని అనుమానించింది. నక్షత్రాన్ని అనుమానించాలని మాత్రం తోచలేదు. వెనకటికి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఎవరో కవరు మీద లేదు. అడుగుదామంటే మాస్టారూ లేరు.

పాత పలకలూ కొత్త పలకలూ చూసి ఆఫీసరు నెమ్మదిగా చెప్పాడట. కడుపులో హైడ్రోజన్ అయిపోయాక నక్షత్రం ఉబ్బి ఎర్రబడుతుంది. ఆ ముసలితనంలో పైపొరల్ని బయటికి ఊదేస్తుంది. అవి మసిలా అడ్డుపడితే కొన్నాళ్ళు మసకబారి, మసి చెదిరాక మళ్ళీ వెలుగుతుంది. మరీ బరువైనవి పేలిపోతాయి. ఇలాంటివి మాత్రం పొరలన్నీ వదిలేసి, భూమంత తెల్లటి నిప్పుముద్దగా మిగిలి, కోట్ల ఏళ్ళు చల్లారుతూ ఉంటాయి.

పెద్దమ్మ వచ్చి రిజిస్టర్లో తన రెండు వాక్యాలూ కొట్టేసింది. అన్నేళ్ళలో ఆవిడ కొట్టివేతలు అవే. మాస్టారి కవరు మీద కూడా, ఆయన రాతకింద, "మనిషి తప్పు లేదు" అని రాసి సంతకం పెట్టింది.

"దొంగ దొరికాడా అక్కా?" అన్నాడు డార్క్‌రూమ్ మనిషి.

"దొరికాడు. పట్టుకొచ్చే దారే లేదు."

మరుసటేడు చుక్క మళ్ళీ నిండుగా వచ్చింది. పెద్దమ్మ పలకని కిటికీ వెలుతురుకి ఎత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి, అతని వంక చూసింది.

"నా మీద జాలిపడి నువ్వేం దిద్దలేదు కదా?"