అమ్మ ట్రాక్టరు ఎంత ‘ఓడింది’?

మా చిన్నప్పుడు... పొద్దు గూకేసరికి మా వాకిట్లో రెండు బండ్లు వచ్చి నిలిచేవి. ఒకటి నాయన బాడుగకు తిప్పే కారు. ఇంకొకటి అమ్మ తోలే ట్రాక్టరు.

అవును... అమ్మే తోలేది. తాత పోయాక అది మూలన పడకూడదని తనే పట్టుబట్టి నేర్చుకుంది. తమిళ సీమలో ఉన్న మా నల్లంపల్లి చుట్టుపక్కల మెట్ట చేలన్నీ గంటకింత అని దున్నేది. ఆడమనిషి స్టీరింగు పడితే వాన రాదన్న పెద్దమనుషుల చేలు కూడా తనే దున్నింది. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే... అమ్మకు లేదు.

కాళ్ళు కడుక్కుని కూర్చోగానే ఇద్దరికీ వాదన మొదలు. ఏది ఎక్కువ కాలం మన్నుతుంది... కారా, ట్రాక్టరా? మేనరికం కాబట్టి అమ్మకు నాయనంటే బెదురు లేదు.

"నీ కారు గుంతలో పడితే నడుం పట్టుకుంటాది. పెండ్లికూతురి మాదిరి చూసుకోవాల దాన్ని."

"నీదానికి నడుమే లేదు కదే, పట్టుకునేదానికి. నాది బెంగళూరు చూసింది, సేలం చూసింది. నీది ఊరి ఎల్ల దాటిందా?"

"దాటి ఏం చేయాల? చేను ఈడుండాది."

సంగటి కెలుకుతూ అవ్వ తీర్పు చెప్పేది. "రెండూ మన్నవు. నా తిరగలిని చూడండి."

నిజానికి నాయన అప్పటికే ఒక కారును తుక్కుకు వేసి రెండోది కొన్నాడు. ట్రాక్టరు మాత్రం తాత కాలం నాటిదే. ఎండకు వెలిసి వెలిసి దాని అసలు రంగేదో కూడా తెలిసేది కాదు. సీటు మీద మడత పెట్టిన గోనెసంచి. చిన్నాచితకా రిపేర్లకు అమ్మ దగ్గరుండే రెండు స్పానర్లే చాలు.

ఒక ఏడు, తొలకరికి ముందు... అది నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. ఇంజను విప్పి, అరిగిన సిలిండర్లకు బోరు చేయించాలన్నారు... పెద్ద ఖర్చు. అదే సమయానికి కారుకు టైర్లు అరిగాయి, ఇన్సూరెన్సు దగ్గర పడింది. రెండింటినీ నిలబెట్టే శక్తి ఇంట్లో లేదు. ట్రాక్టరు అమ్మేద్దామన్నాడు నాయన.

అది పోతే అమ్మ మళ్ళీ పరాయి చేలల్లో కూలికి వంగాలి... ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం మా వాకిట్లో వాదన జరగలేదు.

కడత్తూరు నుంచి బ్రోకరు వచ్చాడు. తెలుగాయనే, కానీ బేరానికి దిగితే సగం తమిళం. ట్రాక్టరులో గంటలు చూపే మీటరు ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని వేలితో తట్టి, "బండి ఎంత నేరం ఓడిందమ్మా?" అన్నాడు.

తమిళంలో నేరమంటే సమయం, ఓడటమంటే పరుగెత్తడం. ఎంతసేపు నడిచింది అని ఆయన అడిగింది. మాకు తమిళం రాక కాదు... అయినా అమ్మకు చురుక్కుమంది.

"నా బండి ఏ నేరమూ చేయలేదన్నా. యాడా ఓడనూ లేదు. తెలుగులో అడుగు, చెప్తా."

బ్రోకరు నవ్వేశాడు. "కోపం వద్దు తల్లీ. ఎన్ని గంటలు నడిచింది?"

"మా మామ కాలం సంగతి తీసెయ్. నేను ఎక్కినప్పటి నుంచి చెప్తా..."

చెప్పడం మొదలుపెట్టింది. చేల పేర్లతో. చింతమాను చేను రెండుసార్లు దున్నాలంటే పొద్దున్నించి అన్నం వేళ దాకా. రాళ్ళ చేనైతే ఒక పూటకు తెగదు. శెనక్కాయలకు ఇంత, పసుపుకు ఇంత, మరవల్లి గడ్డ, అదే కర్రపెండలం, ట్రైలరుకెత్తి మిల్లు దాకా తోలిన రోజులకు ఇంత... ఏడాది వెనక ఏడాది.

నాయన పక్కన నిలబడి వేళ్ళు మడుస్తూ విన్నాడు. కారు వయసును కిలోమీటర్లలో చెప్తారు, ట్రాక్టరు వయసును గంటల్లో. ఒకదాన్ని ఇంకొకదాంట్లోకి మార్చి చూడటం ఆయనకు ఆ రోజు దాకా తట్టలేదు. రోడ్డు మీద కారు గంటకు ఎంత పోతుందో ఆయనకు బాగా తెలుసు. ఆ లెక్కన అమ్మ చెప్పిన గంటలన్నీ కూడుకుంటూ పోయాడు...

"ఏమే," అన్నాడు చివరికి. "నా రెండు కార్లూ కలిపి ఇంత దూరం పోలేదే. ఊరు దాటకుండా ఎంత దూరం పోయినావే నువ్వు..."

అమ్మ తల పక్కకు తిప్పుకుంది.

నాయన బ్రోకరును వాకిలి అవతలికి తీసుకుపోయాడు. "బేరం ఉండాదన్నా... కానీ దీనికి కాదు. ఆ కారును చూడు."

"కారా? నీకేమైనా మతి పోయిందా? పొగ కక్కేదాన్ని పెట్టుకుని, నడిచేదాన్ని అమ్ముతారా ఎవరైనా?"

"నాకు తోలేదానికి ఇంకొకరి కారన్నా దొరుకుతాది. ఆమెకు ట్రాక్టరు ఎవరిస్తారు?"

బ్రోకరు కారు చుట్టూ ఒకసారి తిరిగి బానెట్టు ఎత్తాడు.

తర్వాత చాలా ఏళ్ళు నాయన ఇంకొకరి కారు తోలాడు. తెల్లచొక్కా తొడుక్కుని, తనకంటే చిన్నవాళ్ళను "సార్" అని పిలుస్తూ. ఒక్కసారైనా ఇంట్లో ఎత్తిపొడవలేదు. కారు అమ్మిన డబ్బుతో ఇంజను బాగుచేయించుకుని, ట్రాక్టరు ఆ తొలకరికే చేలో దిగింది. దాని మీద వచ్చిన బాడుగలతోనే నేను ధర్మపురి కాలేజీలో చదివాను.

తెలుగు అక్షరాలు నాకు మా తమిళ బడిలో ఎవరూ నేర్పలేదు. రైతు సంఘాలవాళ్ళు, మహిళా సంఘాలవాళ్ళు పంచే తెలుగు కరపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. శ్రమ విలువ, ఆడవాళ్ళ హక్కు... వాటిల్లో ఎన్ని పెద్ద మాటలో. వాటిని పట్టుకుని ఊళ్ళో ఎందరితోనో తగువు పడ్డాను, ఇంకా పడతాను. కానీ ఆ పుస్తకాలేవీ చదవని మా నాయన, బ్రోకరును ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాడు. ఆయనకు నేను ఇంతవరకు థాంక్స్ చెప్పలేదు. ఈ పోస్టు ఆయన చదవలేడు... చదివి వినిపిస్తాను.

ఇప్పుడు మా వైపు కొత్త ట్రాక్టర్లు వస్తున్నాయి. మంచివే, కాదనను... సీటు మెత్తన, నడుంనొప్పి తక్కువ. కానీ లోపల ఒక సన్నటి వైరు పోతే, కంపెనీ మనిషి కంప్యూటరు పట్టుకుని వచ్చేదాకా చేను ఎదురుచూడాలి. నేల పదును ఆరిపోతున్నా సరే. మన బండిని మనం బాగుచేసుకునే హక్కు ఎప్పుడు చేజారిందో... తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మీ ఇంట్లో ఏళ్ళ తరబడి మన్నిన బండి ఏదైనా ఉందా... ఉంటే కింద రాయండి. కంపెనీ పేరు వద్దు. దాన్ని నిలబెట్టినవాళ్ళ పేరు రాయండి.